మోడల్ టీకి ఏ రంగు? 1:24 కిట్ ఒకదాని పూర్తి కేస్ స్టడీ

ఈ కారు బొమ్మ చేసే పని నాకు అప్పగించిన పెద్దాయన విజయవాడ ఆటోనగర్‌లో దశాబ్దాల తరబడి ఇంజన్లు విప్పి బిగించిన మెకానిక్. ఇప్పుడు షెడ్డు కొడుకులకు వదిలేసి, సాయంత్రం పూట కుర్రాళ్లకు పని నేర్పుతున్నారు. ఆయనకు కావలసింది అద్దాల బీరువాలో పెట్టుకుని మురిసిపోయే బొమ్మ కాదు. "పాఠం చెప్పేటప్పుడు చేత్తో పట్టుకుని చూపించాలి నాయనా. బాడీ ఊడి రావాలి, కింద ఛాసిస్ మొత్తం బయటపడాలి. ఊడదీసింది మళ్లీ సరిగ్గా కూర్చోవాలి" అన్నారు. ఏ కారు అని అడిగితే తడుముకోకుండా ఫోర్డ్ మోడల్ టీ అన్నారు. పెట్రోలు ఎటు నుంచి ఎటు పోతుందో, వెనక చక్రానికి బలం ఏ దారిన చేరుతుందో వేలు పెట్టి చూపించగలిగినంత తేటగా ఉన్న బండి అది అని ఆయన వాదన.

నేను ఎంచుకున్నది 1913 నాటి రెండు సీట్ల రోడ్‌స్టర్. ప్లాస్టిక్ కిట్, 1:24 కొలత, అంటే అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. పని మొదలుపెట్టే ముందు ఇద్దరం కూర్చుని షరతులు రాసుకున్నాం. బాడీ విడిగా రావాలి. మూడు పెడళ్లు, స్టీరింగ్ కింది రెండు లివర్లు స్పష్టంగా కనిపించాలి. స్పార్క్ ప్లగ్గులకు తీగలుండాలి. కుర్రాళ్లు పట్టుకున్నా రంగు చెదరకూడదు. రంగు మాత్రం అసలు బండికి ఎలా ఉండేదో అలాగే ఉండాలి. ఈ ఆఖరి షరతు దగ్గరే పేచీ వచ్చింది.

నలుపా, నీలమా

ఆయన మనసులో ఉన్నది నిగనిగలాడే నలుపు. "మాస్టారూ, మీరు అడిగిన సంవత్సరం బండి నలుపు కాదండీ" అన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. ఏ రంగు కావాలన్నా ఇస్తాం, అది నలుపైతే చాలు అన్న ఫోర్డు మాట కారు కంటే ఎక్కువ దూరం ప్రయాణించింది. కానీ 1908 అక్టోబరులో మోడల్ టీ బయటికి వచ్చినప్పుడు ఎరుపు, బూడిద, ఆకుపచ్చ బండ్లు ఉండేవి. ఆ తరవాత కొంతకాలం ముదురు నీలం నడిచింది. నలుపు ఒక్కటే అన్న నియమం దాదాపు 1914 నుంచి 1925 వరకు. 1926 మోడళ్లతో రంగులు మళ్లీ వచ్చాయి, 1927లో ఉత్పత్తే ఆగిపోయింది. మొత్తం కోటీ యాభై లక్షలకు పైగా తయారైన బండ్లలో అత్యధికం ఆ నలుపు కాలానివే కాబట్టి అదే జనం కళ్లలో నిలిచిపోయింది. నలుపే ఎందుకంటే త్వరగా ఆరుతుంది కనుక అన్న జవాబు తరచుగా వినిపిస్తుంది. చవక, మన్నిక కూడా అంతే బలమైన కారణాలు. హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను మీద ఛాసిస్ బిగించడం మొదలైంది 1913లోనే. ఆ వేగం వచ్చాక రంగుల డబ్బాలు మార్చుకుంటూ కూర్చోవడం ఎవరికీ లాభసాటి కాదు.

అంటే మన రోడ్‌స్టర్ ఆ నియమానికి సరిగ్గా అంచున ఉన్న బండి. బాడీ ముదురు నీలం, మడ్‌గార్డులు నలుపు. ఆ నీలం ఎంత ముదురంటే నీడలో నల్లగానే కనిపిస్తుంది, ఎండ పడితేనే నీలమని తెలుస్తుంది.

ఈ పనిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. అసలు బండి మీది రంగునే తెచ్చి చిన్న బొమ్మ మీద వేస్తే అది నలుపైపోతుంది. 1:24 బొమ్మను ముప్ఫై సెంటీమీటర్ల దూరం నుంచి చూడటం అసలు బండిని ఏడు మీటర్ల పైచిలుకు దూరం నుంచి చూడటంతో సమానం. ఎండలో అంత దూరం నుంచి చూసినప్పుడు మధ్యలో ఉన్న గాలి, వెలుతురు కలిసి ముదురు రంగును కొంత తేలిక చేస్తాయి. గదిలో, బల్ల మీద, అరచేతి వెడల్పు బానెట్ కూడా లేని బొమ్మకు ఆ సాయం దొరకదు. పైగా పెద్ద బండి మీద ఆకాశం ప్రతిఫలిస్తుంది, చిన్న బొమ్మ మీద ట్యూబ్‌లైట్ ప్రతిఫలిస్తుంది. కాబట్టి ఫ్యాక్టరీ వేసిన రంగు కాకుండా, ఆ రంగు చూసేవాడికి ఎలా కనిపించేదో అది వేయాలి. ఈ మాట ఒప్పుకోని మోడలర్లు చాలామంది ఉన్నారు. డబ్బా మీద సరైన నంబరు ఉంటే రంగు సరైనదే అంటారు. నాకు ఆ పట్టింపు లేదు.

ముదురు నీలం లక్కర్ (త్వరగా ఆరే రంగు) పది పాళ్లకు నలుపు ఒక పాలు కలిపాను. హాబీ రంగుల్లో దొరికే రాయల్ బ్లూ తరహా నీలాల్లో వంగపండు ఛాయ ఎక్కువ. అది విరగడానికి బ్రష్ కొసతో కాస్త ఆకుపచ్చ పడింది. రంగును తేలిక చేయాలంటే చాలామంది తెలుపు కలుపుతారు. ముదురు నీలంలో తెలుపు పడిందంటే లోతు పోయి మసకబారుతుంది. నలుపు తగ్గించుకుంటూ రావడమే దారి. ఇలా నాలుగైదు పాళ్ల తేడాలతో ప్లాస్టిక్ చెంచాల వీపున వేసి, వాటిని పెద్దాయన షెడ్డుకే తీసుకెళ్లాను. రంగును ఎంచుకోవలసింది నా బల్ల మీది దీపం కింద కాదు, బొమ్మ రోజూ ఉండబోయే చోట. అక్కడి తెల్లటి ఎల్ఈడీ వెలుతురులో మా ఇంట్లో నీలంగా ఉన్న రెండు చెంచాలు నల్లగా కనిపించాయి. ఒక చెంచా పక్కన అచ్చమైన నలుపు చెంచా పెట్టి చూపించాను. "ఆ, ఇప్పుడు తెలుస్తోంది" అన్నారాయన. చివరికి చిక్కుముడి విప్పింది ఆ పక్కనున్న నలుపే. మడ్‌గార్డులు నిజంగా నల్లగా ఉంటే, వాటి పక్కన బాడీ దానంతట అదే నీలంగా నిలబడుతుంది. అందుకే మడ్‌గార్డుల నలుపును ఏమాత్రం తేలిక చేయలేదు. మామూలుగా నేను అచ్చమైన నలుపు వాడను, ఇక్కడ వాడాను.

కొలతలు

కిట్ పెట్టె తెరవగానే నేను చేసే మొదటి పని కొలవడం. మోడల్ టీ వీల్‌బేస్ 100 అంగుళాలు, అంటే 2540 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 105.8. ఛాసిస్ పట్టీల మీద వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే స్కేలు) పెడితే దానికి వెంట్రుకవాసి తేడాలో వచ్చింది. ముందు టైర్లు 30 అంగుళాల మీద 3, వెనకవి 30 మీద మూడున్నర. ఈ అర అంగుళం తేడా మన కొలతలో అర మిల్లీమీటరు. చూడటానికి నాలుగూ ఒకేలా ఉంటాయి గానీ తారుమారైతే బండి ముందుకు బరువుగా, వెనక పేలవంగా తయారవుతుంది. కత్తిరించిన వెంటనే ముందువి ఒక డబ్బాలో, వెనకవి వేరే డబ్బాలో వేశాను. ప్లగ్గు తీగల మందం కూడా ఇలాగే లెక్కగట్టాలి. అసలు తీగ ఏడు మిల్లీమీటర్లు అనుకుంటే బొమ్మలో 0.3 చాలు. పాత ఇయర్‌ఫోను తీగ ఒలిస్తే లోపల ఇంచుమించు ఆ మందంలోనే దొరుకుతుంది. చాలా మోడళ్లలో ఇంజను చూడగానే కృత్రిమంగా అనిపించేది తీగలు తాళ్లలా లావుగా ఉండటం వల్లే.

బాడీ ఊడి రావాలంటే

కిట్ సూచనల కాగితం ప్రకారం ఛాసిస్, ఫైర్‌వాల్ (ఇంజనుకూ సీటుకూ మధ్య ఉండే అడ్డుగోడ), స్టీరింగ్, బాడీ అన్నీ వరుసగా అతుక్కుంటూ పోతాయి. చివరికి విడదీయడానికి వీల్లేని ఒకే ముద్ద మిగులుతుంది. మన షరతు వేరు కాబట్టి రంగు డబ్బా మూత తీయకముందే ఏది దేనితో ఉండాలో తేల్చుకోవాల్సి వచ్చింది.

దీనికి జవాబు అసలు బండే చెబుతుంది. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉన్నా, పాఠంలో దాని పని ఇంజనుతోనే. కనుక అది ఛాసిస్‌తో ఉండాలి. ఇగ్నిషన్ కాయిల్ పెట్టె ఫైర్‌వాల్‌కు బిగించి ఉంటుంది, దాని నుంచి నాలుగు తీగలు నాలుగు ప్లగ్గులకు వెళతాయి. ఫైర్‌వాల్‌ను బాడీతో పంపిస్తే తీగలు తెగుతాయి. అదీ ఛాసిస్‌తోనే. విండ్‌షీల్డ్ ఫైర్‌వాల్ మీద నిలబడి, ముందుకు రెండు కడ్డీల ఊతంతో ఆగుతుంది, కనుక అదీ అటే. ఇక బాడీతో మిగిలినవి సీటు, పక్క రేకులు, వెనక సామాను పెట్టె, మడిచిన గుడ్డ టాపు.

అడ్డుపడినవి రెండే. స్టీరింగ్ కాలమ్ అటు ఫైర్‌వాల్‌ను, ఇటు నేల చెక్కను దాటి వస్తుంది. పెడళ్లు మూడూ ట్రాన్స్‌మిషన్ నుంచి నేల చెక్కలోని చీలికల గుండా పైకి లేస్తాయి. బాడీని నిలువుగా పైకి లేపితే రెండూ తగులుకుంటాయి. నేల చెక్కను బాడీ నుంచి కోసి వేరుచేశాను. అసలు బండిలో కూడా మెకానిక్ ట్రాన్స్‌మిషన్ చూడాలంటే నేల చెక్కలు ఎత్తాల్సిందే. పెద్దాయన ఈ సంగతి విని సంతోషించారు. ఏలూరు రోడ్డు మీద ఏ కారు ఆగిపోయినా కింద దూరి చూసిన మనిషి కదా. స్టీరింగ్ చక్రాన్ని మాత్రం కాలమ్ నుంచి విడదీసి, కాలమ్‌లో అర మిల్లీమీటరు రంధ్రం తొలిచి ఇత్తడి పిన్ను దింపాను. చక్రం లాగితే వస్తుంది, నొక్కితే కూర్చుంటుంది.

బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచడానికి మొదట అయస్కాంతాల ఆలోచన ఉండేది. చిన్న నియోడిమియం బిళ్లలు చవక, సులువు. కానీ కుర్రాడు బొమ్మను బాడీ పట్టుకుని ఎత్తితే ఛాసిస్ జారి నేల మీద పడుతుంది. అందుకని మొబైల్ ఫోన్లలో వాడే 1.4 మిల్లీమీటర్ల మరలు రెండు తీసుకున్నాను. వాటి నట్లను సీటు పెట్టె లోపల ఎపాక్సీతో అతికించి, కింద నుంచి ఛాసిస్ అడ్డపట్టీల గుండా బిగించాను. మర తలలు వెనక ఇరుసు పైన చాటుగా ఉంటాయి. విప్పడానికి చిన్న స్క్రూడ్రైవరు కావాలి, అదే మంచిది. ఏ పనిముట్టూ లేకుండా ఊడే బండిని పిల్లలు పది నిమిషాల్లో పాడుచేస్తారని పెద్దాయన అభిప్రాయం.

తరవాత శుభ్రం చేయడం. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి రాసిన జిడ్డు ప్లాస్టిక్ మీద ఉండిపోతుంది, గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాను. అచ్చు గీతలు గోకడంలో నడుం విరిచేవి చక్రాలు. చక్రానికి పన్నెండు ఆకులు, నాలుగింటికి కలిపి నలభై ఎనిమిది, ఒక్కో ఆకుకూ రెండు వైపులా గీత. బ్లేడు అంచును ఆకు మీద నిలువుగా ఆనించి తనవైపు గీరుకోవాలి గానీ కోయకూడదు. కోస్తే ఆకు చదునుగా మారి, చెక్కతో చిత్రిక పట్టిన గుండ్రనం పోతుంది. ముందు, వెనక అడ్డంగా ఉండే కమాను కట్టల్లో (స్ప్రింగుల్లో) మాత్రం పట్టీల మధ్య సందులను సన్నటి రంపంతో కాస్త లోతు చేశాను. కారుకు నాలుగు మూలలా నాలుగు కమాన్లు కాకుండా ముందొకటి, వెనకొకటి అడ్డంగా ఉండటం మోడల్ టీ ప్రత్యేకత. పాఠంలో అది తప్పకుండా వస్తుంది.

అతకడానికి మోడలర్లు సిమెంటు అని పిలిచే పలుచటి ప్లాస్టిక్ జిగురు. రెండు ముక్కలను ముందే కలిపి పట్టుకుని అతుకు దగ్గర బ్రష్ ఆనిస్తే కేశనాళిక చర్యతో ద్రవం దానంతట అదే లోపలికి పాకుతుంది, ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. రెండు నిమిషాల తరవాత గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ పూసలా పైకి ఉబుకుతుంది. మర్నాడు దాన్ని చెక్కేస్తే పుట్టీతో పని ఉండదు. సామాను పెట్టె మూలలన్నీ ఇలాగే కలిశాయి.

వానాకాలంలో లక్కర్

రంగు వేసేనాటికి వానలు మొదలయ్యాయి. కృష్ణ ఒడ్డున జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తడి ఎంత ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. లక్కర్‌కు ఆ తడి శత్రువు. థిన్నర్ చాలా వేగంగా ఆవిరైపోతూ రంగు పొర వేడిని లాగేసుకుంటుంది. చల్లబడిన పొర మీద గాలిలోని తడి మంచులా పేరుకుని లోపల చిక్కుకుంటుంది. ఫలితంగా ముదురు రంగు మీద తెల్లటి పొగ. నీలం, నలుపుల మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దీని మందు పెద్దాయనకే ముందు తెలుసు. వానాకాలంలో కార్లకు డ్యూకో (లక్కర్ రంగు) కొట్టేటప్పుడు వాళ్లూ రిటార్డర్ అనే నిదానంగా ఆరే ద్రవం కలిపేవారు. ఆవిరయ్యే వేగం తగ్గితే పొర అంతగా చల్లబడదు. నేను హాబీ లక్కర్ థిన్నర్‌లో పదో వంతు రిటార్డర్ కలిపాను. ఇక్కడో హెచ్చరిక. ఆటోనగర్ దుకాణాల్లో లీటర్ల లెక్కన దొరికే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ హాబీ థిన్నర్ కంటే చాలా చవక కనుక దాన్నే వాడదామన్న ఆశ పుడుతుంది. రేకు మీదైతే భేష్. కిట్ ప్లాస్టిక్ అయిన పాలిస్టైరిన్ మీద నేరుగా పడితే నునుపైన ఉపరితలం కరిగి ముడతలు పడుతుంది. నేను దాన్ని ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పనిముట్టు) కడగడానికి మాత్రమే వాడతాను.

గదిలో ఏసీ వేసి, గాలిలో తడిని కొలిచే హైగ్రోమీటరు అరవై శాతం కిందికి దిగే వరకు ఆగాను. చిక్కేమిటంటే లక్కర్ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగాల్సిందే. ఫ్యాను తిప్పితే బయటి తడిగాలి లోపలికి వస్తుంది. అందుకని గది ముందే ఆరబెట్టి, ముసుగు పెట్టుకుని, ఫ్యాను వేసి కొద్ది నిమిషాల్లో ఒక పలుచటి పూత ముగించి, బొమ్మను వెంటనే తడి పీల్చే సిలికా జెల్ పరిచిన మూత డబ్బాలోకి మార్చడం పద్ధతిగా పెట్టుకున్నాను. కంప్రెసర్ గొట్టానికి నీటి ట్రాప్ తప్పనిసరి. ఆ కాలంలో దాని అడుగున నీళ్లు నిజంగానే చేరతాయి. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, పదిహేను పీఎస్ఐ ఒత్తిడి, బూడిద ప్రైమర్ మీద నీలం. పూతకు పూతకు మధ్య డబ్బాలో విశ్రాంతి.

మెరుపు గురించి రెండు మాటలు. ఈ మధ్య పాతకాలపు కార్ల మోడళ్లన్నిటినీ అద్దంలా పాలిష్ పట్టడం రివాజైంది. వాటర్ పేపరు, మైక్రోమెష్, రబ్బింగ్ కాంపౌండు, ఆపైన మైనం. నిన్న షోరూంలోంచి వచ్చిన స్పోర్ట్స్ కారుకైతే సరే. 1913లో కార్ల ఫ్యాక్టరీలో స్ప్రే గన్ లేదు, త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లక్కర్లు కార్ల మీదికి వచ్చింది 1920లలో. అంతకుముందంతా వార్నిష్ మెరుపు, నిండుగా ఉన్నా గాజులా ఉండదు. పైగా చిన్న బొమ్మ మీద పూర్తి మెరుపు వేస్తే పక్కనున్న మనిషి ముఖం కూడా బానెట్‌లో కనిపిస్తుంది, కొలత భ్రమ అక్కడితో సరి. పైన వేసే పారదర్శక పూత (క్లియర్ కోటు)లో సగం మెరుపునిచ్చే రకం పావు వంతు కలిపి, దుమ్ము పడిన చోట మాత్రం 3000 నంబరు పేపరుతో తడిగా రుద్ది వదిలేశాను. ఇక చిట్లిన రంగు, తుప్పు, బురద లాంటివి ఏవీ పెట్టలేదు. ప్రతి పాత కారునూ గొడ్ల చావిడిలోంచి లాగినట్టు చూపించే ఫ్యాషన్ నాకు నచ్చదు.

ఇత్తడి

1913 మోడల్ టీ ముఖానికి అందం ఇత్తడి రేడియేటర్. 1916 దాటాక అదీ నల్లబడింది. దీపాలకు మాత్రం ఆపాటికే పూర్తి ఇత్తడి పోయి, నల్లటి రేకు ఒంటికి ఇత్తడి అంచులు మిగిలాయి. చాలామంది దీపాలను కూడా మొత్తం పసుపుపచ్చగా మెరిపిస్తారు, ఈ సంవత్సరానికి అది కుదరదు. ముందు పెద్ద దీపాలు ఎసిటిలీన్ గ్యాసువి, పక్కవి కిరోసిన్‌వి. గ్యాసు తయారయ్యే కార్బైడ్ డబ్బా ఫుట్‌బోర్డు మీద ఉంటుంది.

నిగనిగలాడే నల్లటి పూత మీద ఆల్‌క్లాడ్ కంపెనీ ఇత్తడి రంగు (పాలిష్డ్ బ్రాస్) పలుచగా వేస్తే వచ్చే మెరుపుకు సాటి లేదు. కానీ అది వేలు తగిలితే చెరుగుతుంది, పైన క్లియర్ వేస్తే చచ్చుబడుతుంది. కుర్రాళ్ల చేతుల్లో తిరగబోయే బొమ్మ మీద అది నిలవదు. మెరుపు కొంత వదులుకుని, క్లియర్ కోటు తట్టుకునే మామూలు మెటాలిక్ బంగారు రంగులో కాస్త రాగి కలిపి వేశాను. ఫలితం చూస్తే వదులుకున్నదేమీ లేదనిపించింది. ఏడు మీటర్ల దూరం నుంచి ఇత్తడి తళతళలాడదు, వెచ్చగా వెలుగుతుంది. మూలల్లోకి పలుచటి బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగు పారించాక రేడియేటర్ అచ్చం చింతపండుతో తోమిన బిందెలా తయారైంది. మధ్యలోని ఉబ్బెత్తు ఫోర్డు అక్షరాలను దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో ఒక్కసారి అడ్డంగా తుడిచాను. రేడియేటర్ మధ్యలోని జాలీ నలుపు, అక్షరాల అంచులు మాత్రమే పసుపు పట్టాయి.

చక్రాలు, టైర్లు

రెండో పేచీ చక్రాల మీద. పునరుద్ధరించిన మోడల్ టీ ఫోటోల్లో చక్రాల ఆకులు వార్నిష్ వేసిన పచ్చి చెక్క రంగులో మిలమిలలాడుతుంటాయి. పెద్దాయనకు అవే కావాలి. ఫ్యాక్టరీలో ఆ ఆకులకు రంగు పూసేవారు, చెక్క రంగు యజమానుల ముచ్చట. అసలు బండిలా ఉండాలన్న షరతు ఆయన పెట్టిందే కనుక ఆకులు నీలమే అయ్యాయి. చెక్క చూపించాలన్న కోరిక కాయిల్ పెట్టె మీద తీర్చాను. అది నిజంగానే చెక్క పెట్టె. లేత గోధుమ రంగు పూసి, ఆరాక దాని మీద ముదురు ఆయిల్ రంగు మందంగా పూసి, వెంట్రుకలు విడివడిన పాత బ్రష్‌తో ఒకే దిశలో లాగేస్తే నారలు తేలతాయి. పైన నారింజ ఛాయ క్లియర్ ఒక పూత.

టైర్ల రంగు అందరినీ ఆశ్చర్యపరుస్తుంది. రబ్బరులో కార్బన్ బ్లాక్ కలపడం ఇంకా ఇంటింటి అలవాటు కాని రోజులవి. జింక్ ఆక్సైడ్ కలిసిన ఆ రబ్బరు తెల్లగా, లేత బూడిద రంగులో ఉండేది. కిట్‌లో వచ్చినవి నల్లటి మెత్తని వినైల్ టైర్లు. వాటి మీద ఎనామిల్ వేస్తే ఎన్నాళ్లయినా జిగురుగానే ఉంటుంది. వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ పైకి ఊరుతూ ఎనామిల్‌ను ఆరనివ్వదు. పాలీయురితేన్ ఆధారపు నీటి రంగులు సాగుతాయి, పట్టుకుంటాయి. లేత బూడిదలో చిటికెడు దంతపు రంగు కలిపి వేశాను. నేలకు ఆనే భాగం కొంచెం ముదురుగా వచ్చింది.

అదే ప్లాస్టిసైజర్ ఇంకో పని కూడా చేస్తుంది. ఏళ్ల తరబడి పాలిస్టైరిన్ చక్రాన్ని అంటిపెట్టుకుని దాన్ని మెల్లగా కరిగిస్తుంది. పదేళ్ల కిందటి మోడళ్లలో టైరు తీస్తే రిమ్ము తినేసి ఉండటం ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చూసిందే. రిమ్ము చుట్టూ సన్నగా కోసిన అల్యూమినియం టేపు చుట్టి, దాని మీద టైరు ఎక్కించాను. బయటికి కనిపించదు.

ఇరుసులు అతికించేటప్పుడు బండిని గాజు పలక మీద నిలబెట్టాను. నాలుగు చక్రాలూ నేలకు ఆనాలి. ముందు చక్రాలు పైన కొంచెం విచ్చుకుని, కింద లోపలికి ఉంటాయి. కిట్ ముక్కలు దాన్ని పట్టించుకున్నాయి గానీ అతికేటప్పుడు నిటారుగా నొక్కేస్తే ఆ వాలు పోతుంది.

ఇంజను

నాలుగు సిలిండర్లు ఒకే పోత, పైన విడిగా ఊడే హెడ్. 2.9 లీటర్లు, ఇరవై గుర్రాలు. పోత ఇనుముకు ఒకే బూడిద రంగు వేస్తే బొమ్మలా ఉంటుంది. ముదురు బూడిద పూసి, పైన మెటాలిక్ తుడిచి, సందుల్లో నల్లటి ఆయిల్ పారించాను. అడుగు రేకు నలుపు. నీళ్లకు పంపు లేదు, వేడెక్కిన నీరు తానే పైకి లేచి రేడియేటర్‌లోకి పోతుంది కనుక పై గొట్టం బాగా లావు. దాన్ని మట్టి ఎరుపు రబ్బరు రంగులో వదిలి, రెండు కొసలా సన్నటి రేకు పట్టీలు చుట్టాను.

కిట్‌లో లేనిది పెట్రోలు గొట్టం. సీటు కింది ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా అర మిల్లీమీటరు రాగి తీగ వంచి పెట్టాను. ఆ బండికి పెట్రోలు పంపు కూడా లేదు, ట్యాంకు ఎత్తులో ఉండబట్టి పెట్రోలు తానే దిగుతుంది. నిటారు కొండ ఎక్కేటప్పుడు ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే ఇంజను ట్యాంకు కంటే ఎత్తుకు వెళ్లి బండి ఆగిపోయేది. అప్పుడు వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారు. రాగి తీగ చూడగానే పెద్దాయన బొమ్మను అందుకుని ముందు భాగం పైకెత్తి, వెనక్కి తిప్పి, మళ్లీ ఎత్తారు. పాఠం అప్పుడే మొదలైంది.

పెడళ్లకు మాత్రం ఆయన చెప్పినట్టే చేశాను. ఎడమది క్లచ్చి, సగం నొక్కితే న్యూట్రల్, పూర్తిగా నొక్కితే లో గేరు. మధ్యది రివర్సు. కుడిది బ్రేకు. యాక్సిలరేటర్ పెడల్ లేదు, అది స్టీరింగ్ కింద కుడిచేతి లివరు. ఎడమచేతి లివరు స్పార్కు ముందుకూ వెనక్కూ జరపడానికి. ఇవన్నీ మరీ సన్నటి ప్లాస్టిక్ కడ్డీలు, చెయ్యి తగిలితే విరుగుతాయి. లివర్లను ఇత్తడి తీగతో, పెడల్ కాళ్లను స్టేపుల్ పిన్నులతో మార్చాను.

విండ్‌షీల్డ్ అద్దాలను సూపర్ గ్లూతో అతికించకూడదు, దాని ఆవిరి అద్దం మీద తెల్లటి మసక వేస్తుంది. ఆరాక పారదర్శకమయ్యే పీవీఏ జిగురు సరిపోయింది.

అప్పగింత

మూత ఉన్న ఆక్రిలిక్ పెట్టెలో మోడల్‌ను అప్పగించాను. పెట్టె వెనక రెండు చిన్న రంధ్రాలు పెట్టించాను. పూర్తిగా మూసేస్తే రంగు, వినైల్ వదిలే ఆవిరి లోపలే నిలిచిపోతుంది. ఎండ తగిలే కిటికీ పక్కన వద్దన్నాను, దుమ్ము పడితే గుడ్డతో తుడవకుండా మెత్తటి వెడల్పు బ్రష్‌తో దులపమన్నాను. అలాంటి మరలే ఇంకో రెండు అదనంగా ఒక పొట్లంలో ఇచ్చాను, షెడ్డులో అంత చిన్నవి నేల మీద పడితే దొరకవు.

ఆయన చెప్పిన లోపం ఒకటే. బానెట్ ఒక పక్క మాత్రమే మడిచి తెరవగలగాలని ఉండేదట, మొత్తంగా ఎత్తి పక్కన పెట్టాల్సి వస్తోంది. నిజమే. ఆ మందంలో ప్లాస్టిక్‌కు కీలు నిలవదు, ఇత్తడి రేకుతో బానెట్ కొత్తగా చేయాలి. 0.1 మిల్లీమీటరు రేకు, మధ్యలో 0.4 గొట్టం ముక్కలు, లోపల తీగ. కొలతలు రాసుకుని వచ్చాను. ఈలోగా ప్లాస్టిక్ బానెట్‌తోనే పాఠాలు నడుస్తున్నాయి.